పచ్చడి సీసా మీద వీరరాఘవమ్మ గారు

ఎవరినీ చూడకుండా, ఎవరినీ ఉద్దేశించకుండా ఒక యంత్రం ఊహించి గీసిన మొహమూ, మా ఎదురింటావిడ మొహమూ అచ్చంగా ఒకటే అయినప్పుడు, ఆ మొహం ఎవరిది? నలభై ఏళ్ళకు పైగా ఏలూరు సివిలు కోర్టుల్లో ప్లీడరీ చేసి, వాదించినదానికంటే చదివిందే ఎక్కువైన నాకు ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ తెలియదు. తెలియదని వీరరాఘవమ్మ గారికి నేను చెప్పనూ లేదు. ఆవిడ అడగలేదు. ఆ మొహం ఎవరిదో ఆవిడకి మొదటినుంచీ తెలుసు.

ఆవిడ పుట్టింది ఉండి దగ్గర పల్లెలో. పెళ్ళై మండవల్లి వచ్చారు. భర్త అబ్బాయిరాజు గారికి కొల్లేటి అంచున వరిపొలం ఉండేది. చుట్టుపక్కలవాళ్ళంతా పొలాలు తవ్వి చేపల చెరువులు చేసుకుంటుంటే ఆయన మాత్రం ఆ చెరువుల మధ్య ఒక్కరే వరి వేసి, నాలుగు వైపులనుంచీ నీళ్ళు ఊరి పైరు కుళ్ళుతుంటే గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చునేవారట. ఎందుకండీ అలా అని అడిగితే, కొంగలు చూడ్డానికి వచ్చానండీ అనేవారట. చివరికి ఆయనా పొలం లీజుకిచ్చేసి, ఏలూరు పవరుపేటలో మా ఇంటికి ఎదురుగా ఇల్లు కొనుక్కున్నారు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

వీరరాఘవమ్మ గారి గురించి ముందు చెప్పుకోవలసింది ఆవిడ మర్యాద. పాలబ్బాయిని 'అండీ' అంటారు. బడికెళ్ళే పిల్లల్ని 'అండీ' అంటారు. వంటింటి కిటికీలో కూర్చున్న పిల్లిని 'కాస్త జరగండి' అనడం నేను చెవులారా విన్నాను. ఎదుటి మనిషి తప్పు మాట్లాడితే, అది తప్పని చెప్పడం ఆవిడకి చేతకాదు. ఆ మనిషి చిన్నబోతాడు కదా అని ఆవిడ బాధ.

రెండోది, తినేది పెట్టుకుని ఆవిడ గడప దాటి లోపలికి వచ్చిన గిన్నె ఏదీ ఖాళీగా తిరిగి వెళ్ళదు. ఈ అలవాటు మా వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే. కానీ మిగతావాళ్ళు నాలుగు కరివేపాకు రెబ్బలో, ఒక నిమ్మకాయో పెట్టి సరిపెడతారు. ఆవిడ అలా కాదు. ఒకసారి మా ఇంట్లోంచి గుత్తొంకాయ కూర వెళ్ళింది. గిన్నె కజ్జికాయలతో వచ్చింది. ఖాళీగా పంపితే ఏం బాగుంటుందని మా ఆవిడ బొబ్బట్లు పెట్టి పంపింది. అది చేపల పులుసుతో వచ్చింది. ఆ గిన్నె వీధికి అడ్డంగా అలా నెలల తరబడి తిరుగుతూనే ఉంది. చివరికి అలిసిపోయి మేమే ఓడిపోయాం. గిన్నె ఉంచేసుకున్నాం.

మూడోది ఆవకాయ. వేసవి వచ్చిందంటే ఆవిడ పెరట్లో మామిడికాయల బస్తాలు దిగేవి. ముక్క కొట్టడానికి ఇద్దరు మనుషులు వచ్చేవారు. కలపడం మాత్రం ఆవిడే. ఆ జాడీలన్నీ బంధువులకీ, అద్దెకున్నవాళ్ళకీ, మాకూ, ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన కుర్రాడికీ వెళ్ళేవి. అమ్మితే కొనడానికి కొట్లవాళ్ళు ఎగబడ్డారు. పచ్చడికి వెల కట్టడం ఎలాగో నాకు తెలీదండీ అని పంపించేసేవారు.

కిందటేడు ఆషాఢంలో ఒక పొద్దున్న, మా వీధి చివర బట్టలు కుట్టే రాజ్యం ఒక ప్లాస్టిక్ సీసా పట్టుకుని ఎదురింటి గేటు తీసింది. నేను వరండాలో పేపరు చూస్తున్నాను. మా వీధి ఇరుకు. ఎదురింటి మాటలు వినకూడదనుకుంటే మనమే లోపలికి వెళ్ళాలి. నేను వెళ్ళలేదు.

"ఏవనుకోకండి పిన్నిగారూ," అంది రాజ్యం. "వ్యాపారం పెట్టినట్టు మాకెవరికీ చెప్పలేదు, సరే. బజార్లో మిమ్మల్ని చూసి, మన పిన్నిగారిదే కదా అని కొన్నాను. ఈసారి ఉప్పు కాస్త ఎక్కువైందండీ."

వీరరాఘవమ్మ గారు సీసా అందుకుని చూశారు. దాని మీద 'కమ్మని జాడీ, కొల్లేటి సీమ ఆవకాయ' అని రాసి ఉంది. అక్షరాల కింద ఆవిడే ఉన్నారు. గడ్డం మీద నొక్కు, ఎడమ కనుబొమ చివర తెగిన వెంట్రుకలు, ఎదుటివాళ్ళు కడుపునిండా తిన్నారో లేదో అని అనుమానంగా చూసే ఆ చూపు, అన్నీ ఉన్నాయి.

మరొకరైతే ఇది నేను కాదని అప్పుడే చెప్పేవారు. కానీ రాజ్యం ఫిర్యాదు చేయాలని వచ్చింది. ఫిర్యాదుతో వచ్చిన మనిషిని పట్టుకుని పొరపాటు పడ్డావని ఎలా అంటారు? ఆవిడ వేలితో కొంచెం తీసి నాలిక మీద వేసుకున్నారు. "ఉప్పొక్కటే కాదు రాజ్యం గారూ, ఆవపిండి కూడా చేదెక్కింది," అన్నారు. లోపలికి వెళ్ళి, ఆ పచ్చడి పారబోసి, సీసా కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో కాసేపు పెట్టారు. తినేది పెట్టుకుని వచ్చిన సీసా ఖాళీగా వెళ్ళకూడదు. తన జాడీలోంచి నిండా పెట్టి ఇచ్చారు.

చట్టం దృష్టిలో ఆవిడ కొంప మునిగింది ఆ క్షణంలోనే. ఆ సంగతి పేపరు చదువుకుంటున్న నాకూ తట్టలేదు.

రాజ్యం ఈ మాట మిషను దగ్గరికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. వారం తిరిగేసరికి ఎదురింటి గేటు దగ్గర సీసాలు పట్టుకున్న మనుషులు కనబడడం మొదలైంది. మొదట్లో నిజంగా పచ్చడి బాగాలేక వచ్చినవాళ్ళు. తర్వాత తర్వాత వచ్చినవాళ్ళు సీసా మూత కూడా తియ్యలేదు. బజార్లో కమ్మని జాడీ కొనడం, ఆటో ఎక్కి పవరుపేట రావడం, వీరరాఘవమ్మ గారి ఆవకాయతో మార్చుకుని వెళ్ళడం. కిరాణా కొట్లవాళ్ళే దారి చెప్పేవారు. భీమడోలునుంచి ఒకాయన ఆరోగ్యం బాగాలేని వాళ్ళమ్మగారి పేరు చెప్పి మూడు సీసాలు తెచ్చాడు. ద్వారకా తిరుమల నుంచి ఒక కొట్టాయన అట్టపెట్టె నిండా తెచ్చి, ఇవి డీలరు రిటర్నులండీ అన్నాడు. ఆవిడ ఆయనకి మజ్జిగ ఇచ్చి, అన్నీ కడిగి, ఎండబెట్టి, నింపి పంపారు.

ఇంకో పక్క, ఏలూరులో తన పచ్చడి ఇంతలా పోతోందేమిటా అని తాడేపల్లిగూడెంలో ఆ కంపెనీ యజమాని సంబరపడి, మా వీధి మొగలో ఉన్న కొట్టుకి స్వీట్లు పంపించాడట.

శ్రావణంలో వీరరాఘవమ్మ గారు వీధి దాటి మా ఇంటికి వచ్చారు. కుర్చీ అంచు మీద కూర్చున్నారు. జాడీలు అడుగంటాయేమో, అది చెప్పడానికి వచ్చారనుకున్నాను. కాదు.

"ప్లీడరు గారండీ, ఊళ్ళో నా చెయ్యి చెడిపోయిందనుకుంటున్నారండీ," అన్నారు. "మొన్న పెళ్ళి భోజనాల్లో నేను వడ్డించబోతే ఒకావిడ ముందు మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి లాక్కున్నారు."

మార్చుకున్నవాళ్ళు కొందరే. మార్చుకోకుండా తినేసి, మనసులోనే తిట్టుకున్నవాళ్ళు మూడు జిల్లాల నిండా ఉన్నారు. వాళ్ళెవరో ఆవిడకి తెలియదు. వాళ్ళకి మాత్రం ఆవిడ మొహం తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ సంపాదించుకున్నదల్లా చేతి రుచి అన్న ఒక్క పేరు. అది పోతోంది.

మీకేం కావాలండీ అని అడిగాను.

"ఆ సీసా మీంచి నన్ను దింపెయ్యండి. అంతేనండీ."

ఇది చిన్న పని అనుకున్నాను. మనిషి ఫోటో ఆ మనిషినడక్కుండా సరుకు మీద వేసుకుంటే ఏం చెయ్యాలో నా బీరువాలోని పుస్తకాలు చెబుతాయి. ఏ స్టూడియోలోనో తీసిన ఆవిడ ఫోటో ఎవరో పట్టుకుపోయి ఉంటారని నా ఊహ. ఆవిడనడిగితే, పెళ్ళి ఫోటో తుపాను నీళ్ళలో పోయిందనీ, తర్వాత తీయించుకున్నది ఆధార్ కార్డుకేననీ చెప్పారు. కార్డు తెప్పించి చూశాను. ఆ ఫోటోలో ఉన్నది ఆవిడ తప్ప ఇంకెవరైనా కావచ్చు. కళ్ళు సగం మూతపడి, మొహం మీద వెలుతురు పడి, ఎవరో పెద్దాయన తుమ్మబోతున్నట్టుంది. ప్రభుత్వం వారి దగ్గరున్న బొమ్మ ఆవిడలా లేదు. పచ్చడి కంపెనీ వారి దగ్గరున్నది ఆవిడలా ఉంది.

ఇద్దరం రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళాం. కంపెనీ యజమాని జగన్నాథం గారిది ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారం. తాతలనాటి కొట్టు. వీధి మలుపు తిరగకుండానే వాసన ఎదురొచ్చింది. పచ్చళ్ళ కంపెనీ ఆయన కొడుకు అఖిల్ ఆలోచన. పచ్చడి ఎక్కడో కలిపిస్తారు, సీసాలు ఇక్కడ నింపిస్తారు, లేబులు కంప్యూటరు గీస్తుంది. జగన్నాథం గారు మమ్మల్ని చూడగానే గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి, పరుపు మీద కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించారు. పెద్దావిడని ఎక్కడో చూసినట్టుందే అని ఆయన ఆలోచిస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. వెనకాల గోడ పొడుగునా ఆవిడ మొహంతో సీసాలు పేర్చి ఉన్నాయి.

నేను విషయం చెప్పాను. అఖిల్ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, దాన్ని చూస్తూనే జవాబిచ్చాడు.

"అది ఏఐ చేసిన బొమ్మ సార్. 'గోదావరి జిల్లాల పెద్దావిడ, చూడగానే నమ్మకం కలగాలి' అని టైప్ చేశానంతే. నిజం మనిషైతే అగ్రిమెంట్లు, సంతకాలు, తలనొప్పి. అందుకనే ఈవిణ్ణి పెట్టాం. ఈవిడ భూమ్మీద లేరు సార్."

అని తలెత్తి, ఆవిణ్ణి చూసి, లాప్‌టాప్ మూత నెమ్మదిగా దించేశాడు.

"లేరంటావేంట్రా," అన్నారు జగన్నాథం గారు, "ఎదురుగా మజ్జిగ తాగుతుంటేను."

వీరరాఘవమ్మ గారు గ్లాసు కింద పెట్టి, ఆ యంత్రం నన్నెక్కడ చూసిందండీ అని అఖిల్‌ని అడిగారు. మిమ్మల్ని చూడలేదండీ, కోట్ల మొహాలు చూసి, అవన్నీ కలిపి ఒకటి తయారు చేస్తుందండీ అని అతను చెప్పాడు.

"అన్నీ కలిపితే నేనొచ్చానా?"

"అలా వచ్చేసిందండీ."

"అయితే ఇంకాస్త కలిపి ఉండాల్సిందండీ," అన్నారావిడ, ఆవకాయ గురించి చెప్పినట్టే.

అఖిల్ మంచి కుర్రాడే. దానికేముందండీ, క్షణంలో మొహం మార్చేస్తానని మూత మళ్ళీ తెరిచాడు. ఏదో టైప్ చేశాడు. మూలనున్న ప్రింటరు గరగరమని ఒక కాగితం బయటికి తోసింది. ఈసారి బొద్దు మొహం, కళ్ళజోడు, పక్కపాపిడి. వీరరాఘవమ్మ గారికీ ఈ బొమ్మకీ ఏ పోలికా లేదు. నాకు హాయిగా ఊపిరి ఆడింది. జగన్నాథం గారు కాగితం అందుకున్నారు. ఆయన మొహం మారిపోయింది.

"ఒరే, ఇది మీ అమ్మరా."

"కాదు నాన్నా, ఏఐ."

"పైకెళ్ళి రుక్మిణికి చూపించి చెప్పు ఆ మాట. నేను రాను." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారాయన. "మా ఆవిడ మొహం సీసా మీదా? కిరాణా కొట్లో ఎవడు పడితే వాడు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, బేరమాడి, మళ్ళీ బల్ల మీద పెట్టేసి..."

అక్కడ ఆగిపోయారు. వీరరాఘవమ్మ గారు ఆయన వంకే చూస్తున్నారు. నలభై ఏళ్ళలో నేను చేసిన ఏ క్రాస్ ఎగ్జామినేషనూ అంత బాగా జరగలేదు, అందులో నా ప్రమేయం ఏమీ లేకపోయినా.

అయినా వ్యాపారి వ్యాపారే. లేబుళ్ళు చాలా వేయించేశామనీ, ఈ మొహానికి జనం అలవాటు పడ్డారనీ, ఏలూరులో అయితే మరీ బాగా పోతోందనీ, కొంచెం ఆలోచించుకుంటాననీ అన్నారు. పోనీ మీరే మా కంపెనీలో ఉండి పచ్చడి కలిపించండమ్మా, మొహానికి మొహం, రుచికి రుచి అని కూడా అడిగారు. మీ ఆవిడ గారినడిగి చెప్పండి అని ఆవిడ నవ్వేశారు. వస్తుంటే ఒక సంచీ నిండా ఉల్లిపాయలు మా ఆటోలో పెట్టించారు. ఆ సంచీ తాడేపల్లిగూడానికి ఖాళీగా తిరిగి వెళ్ళలేదని నేను వేరే చెప్పక్కర్లేదు.

ఆలోచించుకుంటానన్న మనిషి దసరా దాకా ఆలోచించుకున్నాడు. ఇక నేను నోటీసు పంపాను. గుర్తింపు కింద ఏదో ఒకటి జత చెయ్యాలి కాబట్టి ఆధార్ కార్డు నకలు జత చేశాను.

నోటీసు రాసేటప్పుడే నా కష్టం మొదలైంది. నా బీరువాలోని కేసులన్నిట్లో ఎవరో ఒకరున్నారు. ఫోటో తీసినవాడున్నాడు, బొమ్మ గీసినవాడున్నాడు, అడక్కుండా పట్టుకుపోయినవాడున్నాడు. పనివాడు తప్పు చేస్తే యజమానిని అడగొచ్చు. గొడ్డు చేలో పడితే గొడ్డు ఆసామిని అడగొచ్చు. ఇక్కడ కుర్రాడు ఒక్క వాక్యం టైప్ చేశాడు. ఆ వాక్యంలో వీరరాఘవమ్మ గారు లేరు. యంత్రం బొమ్మ గీసింది. దాని మనసులోనూ ఆవిడ లేరు, దానికి మనసే లేదు. ఎవరూ ఆవిడ జోలికి పోలేదు, అయినా ఆవిడ వెళ్ళి సీసా మీద కూర్చున్నారు.

చాలా రోజులు చదివి, ఆలోచించి, నాకు నేను ఒక మాట అనుకున్నాను. యంత్రం ఎవరిని చూసి గీసింది అన్నది మనలాంటివాళ్ళు ఎన్నటికీ రుజువు చెయ్యలేరు. దాన్ని తయారుచేసినవాళ్ళకే తెలియదు. కాబట్టి చట్టం అడగవలసింది ఆ ప్రశ్న కాదు. చూసినవాళ్ళు ఎవరనుకున్నారు అని అడగాలి. రాజ్యం సీసా పట్టుకుని ఎవరి గేటు తీసింది? ఆ గేటు ఎవరిదైతే మొహం వాళ్ళది. ఇక యంత్రాన్ని నిలదీయలేం కాబట్టి, దాని బొమ్మతో లాభం చేసుకునేవాడే దాని తప్పూ మొయ్యాలి. నేను ఎవరినీ ఉద్దేశించలేదండీ అంటే చెల్లదు. ఈ మాట చాలా బాగుందనిపించింది. తెల్లారి లేచేసరికి రుక్మిణి గారు గుర్తొచ్చారు. ఈ లెక్కన యంత్రం గీసే ప్రతి పెద్దావిడా ఏదో ఒక వీధిలో ఎవరికో ఒకరికి ఎదురింటావిడే. అప్పుడు పచ్చడి సీసా మీద ఎవరిని పెట్టాలి? మామిడికాయ బొమ్మ వెయ్యొచ్చు కదా అని మా ఆవిడ అంది. చట్టంలో ఆ మాటకి సమాధానం లేదు.

జగన్నాథం గారి తరఫున గోపీనాథ్ అనే యువ లాయరు జవాబు పంపాడు. ఇంగ్లీషులో ఉంది. వీరరాఘవమ్మ గారు మా వరండాలో కూర్చుని, తెలుగులో చెప్పండి ప్లీడరు గారండీ అన్నారు.

మొదటిది, ఆ మొహం యంత్రం పుట్టించినది, ఎవరిదీ కాదు. సరే అన్నట్టు ఆవిడ బొటనవేలు మడిచారు. రెండోది, జత చేసిన ఆధార్ కార్డులోని వ్యక్తికీ లేబులుకీ ఏ పోలికా లేదు. అది నిజమేనండీ అని చూపుడువేలు మడిచారు. మూడోది అసలైన దెబ్బ. మీ కక్షిదారు మా సీసాలు వెనక్కి తీసుకుని, మార్చి ఇస్తున్నారు. ఎక్కడా ఇది నాది కాదని చెప్పలేదు. సరుకు తనదేనని లోకానికి నడవడి ద్వారా చెప్పినవారు ఇప్పుడు కాదంటే కుదరదు. పైగా మా కక్షిదారుకి ఒక సంచీడు ఆవకాయ కూడా పంపారు.

"ఖాళీ సీసాలు ఇవ్వాల్సిందా అండీ నేను?" అన్నారావిడ.

చట్ట ప్రకారం ఖాళీవే ఇవ్వాల్సింది. ఆ మాట నా నోటికి రాలేదు. ఆవిడ పద్ధతిలో అదొక మర్యాద. గోపీనాథ్ పుస్తకంలో అదొక ఒప్పుకోలు. రెండూ ఒకే సీసాలో ఎలా ఇమిడాయో చెప్పడానికి చాలా ప్రయత్నించి, అంతేనండీ అని కాగితం మడవబోయాను. ఆవిడ మూడు వేళ్ళు మడిచి, నాలుగోది పట్టుకుని ఉన్నారు.

"ఇంకోటుందండీ. మీ కళ్ళు కిందిదాకా వెళ్ళాయి."

చదవక తప్పలేదు. నాలుగోది, మా చిత్రంలోని స్త్రీ నుదుట కుంకుమబొట్టు ఉంది. మీ కక్షిదారు భర్త చనిపోయినవారు, బొట్టు పెట్టుకోరు. ఇద్దరూ ఒకరు కారన్నది ఎవరికైనా చూడగానే తెలుస్తుంది.

ఆ బొట్టు సంగతి మా వీధిలో అందరం మొదటిరోజే చూశాం. ఎవ్వరం పైకి అనలేదు. రాజ్యంతో సహా, అబ్బాయిరాజు గారు ఉన్నప్పటి ఫోటో కాబోలు అని మనసులో అనుకుని ఊరుకున్నాం. ఆవిడ నాలుగో వేలు మడవలేదు. కూర్చుని మాట్లాడుకుందాం రమ్మనండి వాళ్ళని, అన్నారు.

కార్తీకంలో ఒక ఆదివారం, పొద్దున్న పదింటికి జగన్నాథం గారూ, గోపీనాథూ మా ముందుగదిలో కూర్చున్నారు. గోపీనాథ్ మర్యాదస్తుడు. నేను పెద్దవాణ్ణని ఫైలు కూడా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. ఆ కుర్రాణ్ణి చూస్తే నాకు జాలేసింది. అతను రాసిన నాలుగు మాటల్లోనూ న్యాయశాస్త్రం ప్రకారం తప్పు పట్టడానికేమీ లేదు. నేను సంతకానికి కాగితాలూ, పెన్నూ సిద్ధం చేసుకుని, ఆవిణ్ణి ఎలాగైనా ఏదో ఒకదానికి ఒప్పించాలని చూస్తున్నాను. ఉన్న లేబుళ్ళు అయిపోయేదాకా ఓపిక పట్టమనీ, కొత్తవాటికి మామిడికాయ వేసుకుంటారనీ. ఆ మామిడికాయ నా ఆలోచనేనని జగన్నాథం గారికి చెప్పాను. మా ఆవిడ లోపల్నుంచి దగ్గింది.

వీరరాఘవమ్మ గారు వచ్చారు. గడపలో చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టారు. నేను లేచాను. గోపీనాథ్ లేచాడు. జగన్నాథం గారు లేవబోయి, సగంలో ఆగి, కుర్చీ చేతిని పట్టుకున్నారు.

ఆవిడ నుదుట బొట్టు ఉంది. అంటించుకునే స్టిక్కరు కాదు, కుంకుమ. రూపాయి కాసంత, గుండ్రంగా. చెయ్యి అలవాటు తప్పినట్టు ఒక పక్క అంచు కొంచెం చెదిరింది. మిగతా చీరా, తలా అంతా రోజూలాగే ఉంది. కిటికీ వెలుతురు మొహం మీద పడేలా ఆవిడ తనే కుర్చీ కొంచెం జరుపుకుని గోపీనాథ్ ఎదురుగా కూర్చున్నారు.

"నాలుగోది మళ్ళీ చదవండి గోపీనాథ్ గారూ," అన్నారు.

గోపీనాథ్ ఫైలు తెరిచాడు. కాగితం తీశాడు. కాగితాన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు.

"చదవకండి," అన్నారు జగన్నాథం గారు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, కళ్ళెత్తకుండా, "తీసేస్తానండమ్మా. రేపట్నుంచి..." అని ఆగి, "ఇవాళే. కొట్లలో ఉన్నవి కూడా వెనక్కి తెప్పించేస్తాను. ఆ పచ్చడి మీది కాదని పేపర్లో వేయిస్తాను," అన్నారు.

ఆవిడ తలూపారు. అవునో కాదో తెలియని ఊపు కాదు. ఒక పని అయిపోయినప్పటి ఊపు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ లాయరన్న తర్వాత ఏదో ఒకటి మిగలాలి. మరి అచ్చయిపోయిన లేబుళ్ళేం చేద్దామండీ అని గోపీనాథ్ అడిగాడు. కాల్చేద్దాం అన్నారు జగన్నాథం గారు, వెంటనే నాలిక కరుచుకుని, ఆవిడ మొహం కాల్చడమేంటి, వద్దు వద్దు అన్నారు. చింపిస్తే అన్నాడు గోపీనాథ్. మొహం మధ్యకి చింపుతారా అన్నాను నేను. తూకానికి అమ్మేస్తే రేపు వాటిల్లో బజ్జీలు కట్టిస్తారు. కాలవలో వదిలితే కొల్లేరుకే పోతాయి, అక్కడ ఆవిడ అత్తవారి ఊరు. నీళ్ళలో నానబెట్టి ముద్ద చేసేస్తే మొహం అదే కలిసిపోతుంది కదా అని జగన్నాథం గారు. ముద్ద చెయ్యడం చింపడం కిందికి రాదా అని గోపీనాథ్. నేను పెన్ను మూత తీసి, ఏదో ఒకటి తేలితే రాసుకుందామని చూస్తున్నాను. ముగ్గురం చదువుకున్నవాళ్ళం, ఒకరి మాట మీద ఒకరం ఎంతో గౌరవంగా అడ్డం తగులుతున్నాం. పోనీ ఆవిడనే అడుగుదాం, మొహం ఆవిడది కదా అని నేనే అన్నాను.

ముగ్గురం అటు తిరిగాం. కుర్చీ ఖాళీగా ఉంది. గడపలో చెప్పులు లేవు. వెళ్ళొస్తానండీ అని ఆవిడ ఎవరితోనూ అనలేదు.